సభ ముగిసిన పిదప

తెలుగుదేశమున సభలకు ఏనాడును కొదువ లేదు. సభ ముగిసిన పిదప మిగులు కాగితములకే కొదువ. పందిరివారు తాటాకులను, అద్దెవారు కుర్చీలను, ఉపన్యాసకులు శాలువలను తీసికొనిపోవుదురు. మఱునాటి ప్రొద్దున అచ్చట వాడిన పూదండలును ఎంగిలి విస్తళ్లును మిగిలియుండును. అయినను ఎప్పుడో యొకప్పుడు ఒక సభ ముగిసిన పిదప సంఘమొకటి మిగులును. సంఘమునుండి పత్రికయు, పత్రికనుండి పాఠమును, పాఠమునుండి పుస్తకమును పుట్టి, అంతవఱకు చేతులతో మాత్రమే సాగుచుండిన పని యొకటి అక్షరములకెక్కును. 1914వ సంవత్సరమున బెజవాడలో జరిగిన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల ప్రథమ మహాసభ అట్టిది. దానిని జాతీయోద్యమ చరిత్రలో నొక యధ్యాయముగా పలువురు వ్రాసియున్నారు. గ్రంథాలయోద్యమమునకు నాంది యని కొనియాడియున్నారు. నేనిచ్చట చెప్పదలచినది వేఱొకటి: ఒక వృత్తికి కావలసిన వ్రాత తెలుగున ఎట్లు పుట్టినది, దానిని వ్రాయదగినవారు ఒకరినొకరు ఎట్లు కనుగొనిరి అను సంగతి.

వృత్తి వాఙ్మయమనగా కావ్యము కాదు, చరిత్ర కాదు, నీతిబోధ యంతకంటె కాదు. పనిముట్టు చేతబట్టుకొని నిలిచియున్న మనుష్యునకు "ఇఁక నేమి చేయవలెను?" అను సందేహము కలిగినపుడు దానిని తీర్చు వ్రాత అది. దానిని చదువువాడు రసానందమునకై చదువడు, పని చెడకుండుటకై చదువును. కావున అందులో నొక్క మాట అటునిటైనను వ్రాసినవాని కీర్తికంటె ముందు చదివినవాని పని చెడును. శిల్పశాస్త్రములును పాకశాస్త్రములును సంస్కృతమున లేకపోలేదు గాని, అవి పనివాని ముంగిటికి వచ్చుట అరుదు. నేతగాని మగ్గపు మర్మమైనను, కంసాలి పుటము మర్మమైనను తండ్రి చేతినుండి కొడుకు చేతికి పోయినదే గాని కాగితము మీదికి రాలేదు. ఇందులకు పనివాని యజ్ఞానము కారణమనుట తొందరపాటు. కవి ఏకాంతమున కావ్యము వ్రాయగలడు; పనివాడు ఏకాంతమున పనిపుస్తకము వ్రాయజాలడు. ఏలయన, తన యూరి తీరే లోకపు తీరని యతడెంచును. అందఱికిని తెలిసినదానిని వ్రాయనేల యని యూరకుండును. పొరుగూరివాడు అదే పనిని మఱియొక విధమున చేయుచున్నాడని కన్నులార చూచిననాడే, తాను చేయుచున్నది యొక పద్ధతి యనియు, దానికి మంచిచెడ్డలు కలవనియు, అది వ్రాయదగినదనియు నతనికి స్ఫురించును. ఆ పొరుగూరివానిని ఎదురుగా తెచ్చి కూర్చుండబెట్టునదే సభ.

పందొమ్మిదవ శతాబ్ది చివరి పాదమునుండి తెలుగు పట్టణములలో గ్రంథాలయములు ఒకదాని వెనుక నొకటి వెలయసాగినవి. 1886లో విశాఖపట్టణమున సరస్వతీ నిలయము పుట్టినది. 1901లో కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వేంకట రంగారావుగారు, రావిచెట్టు రంగారావుగారు మొదలగు పెద్దలు కూడి హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును, 1905లో సికింద్రాబాదున ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయమును, 1911లో బెజవాడయందు రామమోహన ధర్మ పుస్తక భాండాగారమును ఏర్పడినవి. అటుపిమ్మట 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వచ్చి చేరినది. ఈ పేర్లను వరుసగా నుంచి యొకసారి చదివిచూడుడు: ఒకటి నిలయము, ఒకటి భాషానిలయము, ఒకటి భాండాగారము, ఒకటి నికేతనము, ఒకటి గ్రంథాలయము. పుస్తకములుంచి పదిమందికి చదువనిచ్చు ఇంటికి తెలుగున ఏమని పేరు అను ప్రాథమిక ప్రశ్నకే ఇన్ని ఊళ్లలో ఇన్ని సమాధానములు! పని యున్నది, పేరు కుదురలేదు. పేరే కుదురని పనికి వ్రాత ఎచ్చటనుండి వచ్చును?

ఇల్లు కట్టుచుండగనే లోన పెట్టదగిన పుస్తకములను సిద్ధపఱచుటకు 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి బయలుదేఱినది. అది హైదరాబాదున పుట్టి, 1908లో మద్రాసునకు తరలి, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రతో నారంభించి, ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రము, చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము మొదలగువానిని ప్రకటించి, కథయు పద్యమును గాని వచనమునకు గూడ తెలుగున పాఠకులు కలరని ఋజువు చేసెను. మండలికి ప్రాణమైన లక్ష్మణరావుగారు తరువాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమను భగీరథ ప్రయత్నమునకు పూనుకొని, అకారాది శీర్షికలను దాటకమునుపే 1923లో పరమపదించిరి. ఆయన జీవితమే మన శాస్త్రరచనకు గల బలమును బలహీనతను నొక్కచోట చూపుచున్నది. ఒక మహామేధావి పదిమంది పనిని తానొక్కడే చేయగలడు. కాని అతడు కన్ను మూసినచో ఆ పని అకారముతో ఆగిపోవును.

గ్రంథములు వ్రాయుట యొక యెత్తు, వచ్చిన గ్రంథములను పోషించుట యొక యెత్తు. పల్లెలో నలుగురు యువకులు చందాలెత్తి, ఒక వసారా సంపాదించి, రెండు బీరువాలు నింపుదురు. మొదటి యేడు ఉత్సాహము, రెండవ యేడు వాదులాట, మూడవ యేడు చెదలు. ఎవరు ఏ పుస్తకమును తీసికొనిపోయిరో వ్రాసియుంచిన చిట్టా యుండదు. ఉన్నను కార్యదర్శి మాఱగానే క్రొత్తవానికి దాని గుట్టు తెలియదు. పుస్తకమును ఎట్లు లెక్కకు తీసికొనవలెను, ఏ వరుసను పేర్చవలెను, పుస్తకము పోయినచో ఏమి చేయవలెను, వానకాలమున ఎట్లు కాపాడవలెను అను విషయములు చిన్నవిగా దోచును. ఈ చిన్న విషయములను తెలుగున చెప్పువారు లేకపోవుటచేతనే పెద్ద యాశయములతో పుట్టిన గ్రంథాలయములు పెక్కు చిన్ననాటనే గిట్టినవి.

ఇట్టి స్థితిలో సభకు బెజవాడ తగిన చోటు. 1855 నాటికి కృష్ణకు ఆనకట్ట పూర్తియై, దానినుండి సాగిన కాలువలు ఇరుప్రక్కల డెల్టా పల్లెలను పడవ త్రాటితో బెజవాడకు ముడివేసినవి. 1889 నాటికి నిజాము రాజ్యపు రైలు ఆ యూరు చేరినది. 1893లో కృష్ణపై రైలు వంతెన యేర్పడి, ఆ పిమ్మట మద్రాసు త్రోవయు తెఱచుకొన్నది. రాజధాని కాకపోయినను, విద్యాపీఠము లేకపోయినను, నలుదిక్కులవారును ఒక్క రాత్రి ప్రయాణములో చేరదగిన కూడలి యది. సభకు నిర్ణయించిన దినము గూడ తెలివిగా నెంచినదే: 1914 ఏప్రిలు 10వ తేది, ఆనంద నామ సంవత్సర చైత్రము. ఆ దినము క్రైస్తవులకు గుడ్ ఫ్రైడే. కచేరీలకును బడులకును సెలవు. ప్లీడర్లు, ఉపాధ్యాయులు, గుమాస్తాలు అను మూడు తెగలవారే ఆనాటి గ్రంథాలయములకు కాళ్లును చేతులును గనుక, సెలవు లేనిదే సభ లేదు. అంతేకాక 1913 మే నెలలో బాపట్లలో ప్రథమ సమావేశము జరిపిన ఆంధ్ర మహాసభ తన ద్వితీయ సమావేశమును న్యాపతి సుబ్బారావు పంతులుగారి యధ్యక్షతను ఆ సెలవుదినములలోనే బెజవాడలో జరిపెను. ప్రత్యేక రాష్ట్రమును గుఱించి మాటలాడ వచ్చినవాడు ఒకదినము ముందుగా దిగినచో పుస్తకపు బీరువాను గుఱించియు మాటలాడవచ్చును. ఒక్క టిక్కెట్టుతో రెండు పుణ్యములు!

రామమోహన పుస్తక భాండాగారమువారి పూనికతో జరిగిన ఈ సభకు అయ్యంకి వెంకట రమణయ్యగారును, సూరి వెంకట నరసింహశాస్త్రిగారును కార్యభారము వహించిరి. అయ్యంకివారు 1890 జూలైలో తూర్పుగోదావరి జిల్లా కొంకుదురున జన్మించినవారు. సభనాటికి ఇరువది నాలుగేండ్లయిన నిండలేదు. అధ్యక్షపీఠమున చిలకమర్తి లక్ష్మీనరసింహంగారిని కూర్చుండబెట్టిరి. గయోపాఖ్యాన నాటకకర్తగా, గణపతి నవలాకర్తగా తెలుగువారందఱికిని పరిచితులైన ఆ మహాకవి చిన్ననాటినుండియు రేచీకటితో బాధపడి క్రమముగా చూపు కోల్పోయినవారు. ఒకరు చదువగా విని, తాము చెప్పగా ఒకరు వ్రాయ, గ్రంథములు నిర్మించినవారు. పుస్తకమును స్వయముగ చదువజాలని పండితుడు పుస్తకాలయముల ప్రథమసభకు అధ్యక్షుడగుట విధివిలాసమువలె దోచును గాని, పుస్తకము ఒకరి సొత్తు గాక నలుగురి చేతులమీదుగ సాగవలసిన వస్తువని యాయనకంటె నెక్కువ యెఱిగినవారెవ్వరు?

ఆ సభ ఫలముగా ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము స్థాపితమైనది. భారతదేశమున రాష్ట్రస్థాయిలో నేర్పడిన గ్రంథాలయ సంఘములలో నిదియే మొదటిది. దీనికి ముప్పదియెనిమిదేండ్లకు పూర్వము, 1876 అక్టోబరులో, అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున 103 మంది గ్రంథాలయ కార్యకర్తలు కూడి తమ సంఘమును స్థాపించుకొనిరి. ఆ యేటనే వారి పత్రిక వెడలినది, మెల్విల్ డ్యూయీగారి దశాంశ వర్గీకరణమును అచ్చయినది. సభ, సంఘము, పత్రిక, పద్ధతి అను నాలుగును ఒక్క యేటిలో కలసివచ్చుట యాదృచ్ఛికము కాదు. ఒకటి లేనిచో తక్కినది నిలువదు. బరోడాలో సయాజీరావు మహారాజుగారు 1910లో అమెరికానుండి బోర్డెనను నిపుణుని రప్పించి గ్రంథాలయ వ్యవస్థను నిర్మింపజేసిరి గాని, అచ్చట ప్రభువు పూనిక, ప్రభుత్వ ధనము కలవు. బెజవాడవారికి నిపుణుడు లేడు, నిధి లేదు. ఒకరి తప్పు నొకరు చూచి నేర్చుకొనుటయే వారి గురుకులము.

సంఘ స్థాపనానంతరము అచిరకాలముననే, తొలి ప్రపంచ సంగ్రామము సాగుచున్న దినములలోనే, అయ్యంకివారి సంపాదకత్వమున గ్రంథాలయ సర్వస్వమను పత్రిక వెడలినది. సభకంటెను సంఘముకంటెను ఈ పత్రికయే వ్రాతగాండ్రను సృష్టించినదని నా యభిప్రాయము. సభలో మాటలాడుటకు కంఠము చాలును. పత్రికకు నివేదిక పంపుటకు లెక్క కావలెను. మా యూరి గ్రంథాలయము దివ్యముగా సాగుచున్నదని సభలో నన్నచో చప్పట్లు మ్రోగును. అదే మాట అచ్చునకు పంపినచో, ఎన్ని పుస్తకములు, ఎందఱు చందాదారులు, నెలకెన్ని పుస్తకములు బయటికి పోయినవి అని చదువరి యడుగును. ఆ ప్రశ్నకు జంకి పట్టికలు గీచినవాడు క్రమముగా పట్టికలు గీయుట యెట్లో ఇతరులకు చెప్పదగినవాడగును. పల్లెటూరి కార్యదర్శి గ్రంథకర్తగా మాఱు మార్గమిదియే. ఆ పత్రిక పలుమార్లు ఆగి, పలుమార్లు మరల సాగినది; ఆగినపుడెల్ల మరల సాగించుటకు ఒకరు దొరకుటయే సంఘము బ్రతికియుండెననుటకు సాక్ష్యము.

వారి యెదుట నిలిచిన చిక్కులలో రెండు మూడింటిని దగ్గఱనుండి చూచినగాని ఆ వ్రాత విలువ తెలియదు. గ్రంథసూచి తయారుచేయుటనే తీసికొందము. గ్రంథకర్తల పేర్లను అకారాదిగా కూర్చవలెను. ఆంగ్లేయుల పద్ధతిలో ఇంటిపేరును ముందునకు తెచ్చి, అసలు పేరును వెనుకకు నెట్టుదురు. మనకు ఇంటిపేరు ముందేయున్నది గనుక చిక్కులేదని మొదట దోచును. కాని లోకము కందుకూరివారిని వీరేశలింగం పంతులనును, చిలకమర్తివారిని మాత్రము చిలకమర్తి యనును. చదువరి ఒకనిని వకారమున వెదకును, ఒకనిని చకారమున వెదకును. వేమనకు ఇంటిపేరుతో పనిలేదు. పోతనను బకారమునకు పంపినచో బమ్మెరవారని యెఱిగినవాడే కనుగొనును. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు అను నిరువురు కవులు ఒక్క పేరుతో తిరుపతి వేంకటకవులైరి; వారి గ్రంథమును ఏ యక్షరము క్రింద వ్రాయవలెను? దకారముననా, చకారముననా, తకారముననా? మూడింటను వ్రాసి, ఒకచోటినుండి మఱియొకచోటికి త్రోవ చూపవలెనను నిర్ణయము నేడు సులభముగా దోచును. కాని దీనిని ఏ పాశ్చాత్య గ్రంథమును మనకు చెప్పదు. తెలుగు పుస్తకములను చేతబట్టినవారే ఆలోచించి, తెలుగున వ్రాసికొనవలెను.

అకారాది క్రమమన్నామే, అదియు నిర్వివాదము కాదు. పూర్ణబిందువును అచ్చుల చివర లెక్కింపవలెనా, లేక దాని వెనుకనున్న హల్లును బట్టి ఙకార ఞకారాదులుగా నెంచవలెనా? ఒక విధమున నెంచినచో కంకణము కకారపు పేటికలో మొదట పడును, మఱియొక విధమున చాల వెనుకకు పోవును. క్షకారము కకారములోనిదా, వేఱా? శకటరేఫమును సాధురేఫముతో కలుపవలెనా? అరసున్నను లెక్కింపవలెనా, మానవలెనా? ఈ ప్రశ్నలు వైయాకరణునకు శాస్త్రచర్చ; గ్రంథపాలకునకు ఎదుట నిలిచిన చదువరి యోర్పు. ఏదో యొకటి తేల్చి, తేల్చినదానిని వ్రాసి గోడకు వ్రేలాడదీయక తప్పదు. ఆ వ్రేలాడదీసిన కాగితమే వృత్తి వాఙ్మయమునకు మొదటి పుట.

వర్గీకరణము ఇంతకంటె గడ్డుది. ఆనాడు లోకమున ప్రచారములో నున్న డ్యూయీగారి పద్ధతిలో విద్యలన్నియు పది తరగతులు. అందు 200 మొదలుకొని మతము. ఆ నూఱంకెలలో నధికభాగము క్రైస్తవ మతమునకే చెల్లినది; మిగిలిన ప్రపంచ మతములన్నియు 290లో నొదిగి యుండవలెను. తెలుగు సాహిత్యమునకు వచ్చిన సంఖ్య 894.827. ఆంగ్ల సాహిత్యము 820 అను మూడంకెలతో ముగియగా, మన పల్లెటూరి గ్రంథాలయములో ముప్పాతికపాలు నిండియుండు తెలుగు పుస్తకములకు వెన్నుపై ఆఱంకెలు వ్రాసి, అటుపై మరల పద్యము, వచనము, నాటకము అని విభజింపవలెను. ఇఁక మహాభారతము కావ్యమా, ఇతిహాసమా, మతగ్రంథమా? వేమన శతకము నీతిలోనిదా, పద్యములోనిదా? పరదేశపు బీరువాలో మన పుస్తకములు పట్టవని తెలిసిననాడు రెండే మార్గములు: పుస్తకములను నఱకుకొనుట, లేక బీరువాను మార్చుకొనుట. రెండవదానికి సాహసమే కాదు, భాషయు కావలెను.

భాష యన్నంతనే ఆనాటి మహావివాదము స్ఫురించును. బెజవాడ సభ జరిగిన దినములు గ్రాంథిక వ్యావహారికముల పోరు ముదిరియున్న దినములు. గిడుగు రామమూర్తి పంతులుగారొక వైపు, జయంతి రామయ్య పంతులుగారొక వైపు నిలిచి, పాఠ్యపుస్తకము ఏ భాషలో నుండవలెనని వాదించుచుండిరి. వృత్తి రచయితకు ఆ తీర్పు వచ్చువఱకు ఆగు వ్యవధి లేదు. "పుస్తకమును ఎండలో పెట్టరాదు" అని చెప్పవలసినవాడు దానిని 'ఆతపమున నుంచరాదు' అని వ్రాసినచో, పండితుడు మెచ్చును గాని అట్టలు వంగిపోవును. క్రియాపదములు గ్రాంథికములే యైనను వస్తువుల పేర్లు వాడుకలోనివి రానిచ్చుట, చిట్టా, రసీదు, బీరువా, అట్ట, పద్దు మొదలగు మాటలను అంటుముట్టు లేక వాడుట, భావమునకు సంస్కృతమును, వస్తువునకు దేశ్యమును అన్యదేశ్యమును నాశ్రయించుట, ఇది సిద్ధాంతముగా ఎవరును ప్రకటింపకయే పనివారి వ్రాతలో కుదురుకొన్న రాజీ. భాషావివాదమునందు జయాపజయముల నెంచువారు ఈ మౌనమైన రాజీని లెక్కలోనికి తీసికొనరు.

పత్రిక చేయజాలని పనిని శిక్షణ చేయును. 1920లో సంఘమువారు బెజవాడలో గ్రంథాలయ కార్యకర్తలకు పాఠములు నడిపిరి. అటుపై వేటపాలెము మొదలగు చోట్లను శిక్షణ తరగతులు జరిగినవి. పాఠము చెప్పవలసి వచ్చినపుడే మనకు తెలిసినదెంతయో, తెలిసినదని భ్రమించినదెంతయో తేటపడును. ఉపన్యాసములో మాటల వెల్లువతో దాటివేయదగిన సందును, బలపము చేతబట్టిన విద్యార్థి దాటనీయడు. అందువలన శిక్షణ తరగతి యెచ్చట జరిగినను దాని వెనుక నొక పాఠ్యసంగ్రహము, పాఠ్యసంగ్రహము వెనుక నొక చిన్నపుస్తకము పుట్టుట సహజము. సాటి నిదర్శనము మద్రాసున కలదు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారియైన శియాలి రామామృత రంగనాథన్‌గారు తమ గ్రంథాలయశాస్త్ర పంచసూత్రములను మొట్టమొదట వినిపించినది ఏ విదేశపు విద్వత్పరిషత్తులోను కాదు, 1928 డిసెంబరులో చిదంబరమున జరిగిన ఉపాధ్యాయుల సభలో. అవి గ్రంథరూపమున వెలువడినది 1931లో. రెండేండ్ల తరువాత ద్విబిందు వర్గీకరణమును ప్రకటించి, బీరువానే మార్చిచూపినవారాయన. ఆయన వ్రాసినది ఆంగ్లమున, విశ్వమునకు. మనవారు వ్రాసికొన్నది తెలుగున, పల్లెకు. ఆయన ప్రతిభ ముందు మనవారి కృషి దివిటీ ముందు ప్రమిద. కాని ప్రమిద వెలుగవలసిన గూడు వేఱు.

ఆ గూడులలో నొకటి నీటిపై కదలినది. గుంటూరు జిల్లా పెదపాలెమునకు చెందిన పాతూరి నాగభూషణముగారు 1935లో పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువపై తిరుగు పడవలలో గ్రంథాలయమును పెట్టిరి. ఆనాటి పడవ ప్రయాణమనగా గట్టుమీద నడచు మనుష్యులు త్రాటితో లాగగా గంటలకొలది సాగు ప్రయాణము. ఎక్కినవానికి దిగువఱకు తోచదు. చదువరి పుస్తకమునొద్దకు రానిచో పుస్తకమే చదువరి యొడిలోనికి పోవలెనను నాలోచన అందమైనదే. కాని అందులోని చిక్కును గమనింపుడు. ఒక రేవున నెక్కినవాడు మఱియొక రేవున దిగును. సగము చదివిన పుస్తకమును వెంటగొనిపోవును. పడవవానికి అక్షరజ్ఞానము లేకపోవచ్చును. నీటి తుంపరలు పడును. పెట్టెలోని పుస్తకములు సాయంకాలమునకు లెక్కకు రావలెను. ఇట్టి గ్రంథాలయమునకు నియమములు ఎచ్చటను వ్రాసియుండవు, నడిపినవారే వ్రాసికొనవలెను. గ్రంథాలయ కార్యకర్తలు ఊరూర తిరిగిన గ్రంథాలయ యాత్రలయందును ఇట్టి యనుభవమే వారికి పాఠము. బెజవాడ సభకు పోయిన తరము అడిగిన ప్రశ్నలకు తరువాతి తరము కాలువగట్టుపై సమాధానములు వెదకినదన్నమాట. అయ్యంకివారి పత్రికను పునరుద్ధరించి నడిపినవారిలో పాతూరివారు ముఖ్యులు.

నిజాము రాజ్యమున సభ యనునది అంత సుకరము కాదు. గస్తీ నిషాన్ 53 అను ఫర్మానా ప్రకారము సభ జరుపుటకు ముందుగ ప్రభుత్వానుమతి పొందవలెను. ఇంగ్లీషు ఏలుబడిలోని తెలుగువాడు సెలవుదినము చూచుకొన్న చాలును. తెలంగాణపు తెలుగువాడు అధికారి ముఖము చూడవలెను. అట్టి స్థితిలోను 1925లో మధిరయందును, 1928లో సూర్యాపేటయందును గ్రంథాలయ సభలు జరిగినవి. రాజకీయము మాటలాడరాదన్నచోట పుస్తకములను గుఱించి మాటలాడిరి. పుస్తకములను గుఱించి మాటలాడుట నేర్చినవారు 1930లో జోగిపేటయందు సురవరం ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ జరుపుకొనిరి. నివేదిక వ్రాయుట, తీర్మానము కూర్చుట, లెక్క చెప్పుట అను విద్యలు గ్రంథాలయమున నేర్చినవి మహాసభకు పనికివచ్చినవి.

ఈ చరిత్రలో లోపములు లేవనుట సత్యము కాదు. సభలకు పోగలిగినవారు సెలవును రైలుఖర్చును కలవారే. గ్రంథాలయపు వసారా మెట్లెక్కుటకు పెక్కు కులములవారికిని స్త్రీలకును ఆనాడు సంకోచము, కొన్నిచోట్ల నిషేధము. వ్రాసినవారు పదిమంది, చదివినవారు వందలు, ఆ వ్రాత యవసరమైనవారు లక్షలు. అచ్చటచ్చట అచ్చైన చిన్నపుస్తకములు పెక్కు నేడు దొరకవు; పుస్తకములను కాపాడుట యెట్లో చెప్పిన పుస్తకమే చెదలు పాలగుట కంటె విషాదహాస్యమేమున్నది? పరిభాషయు సంపూర్ణముగ కుదురలేదు. ఒక మాట మాత్రము కుదిరినది: నిలయములు, భాండాగారములు, నికేతనములు అను పేర్లు ఆయా భవనములపై నిలిచియుండగనే, జనుల నోట అన్నింటికిని గ్రంథాలయమనునదియే స్థిరపడినది. నిఘంటుకర్త యెవరును శాసింపలేదు. సభ పేరులోను, సంఘము పేరులోను, పత్రిక పేరులోను అదే పదము తిరిగి తిరిగి అచ్చగుటచేత జనుల నోట నెక్కినది. పరిభాష పుట్టు విధమిదియే.

కార్యఫలమును చూడదలచినవారికి చట్టములు కలవు. 1948లో మద్రాసు రాష్ట్రమున వచ్చిన పౌర గ్రంథాలయముల చట్టము స్వతంత్ర భారతమున మొదటిది. 1955లో హైదరాబాదు రాష్ట్రమునకును, 1960లో ఆంధ్రప్రదేశమునకును అట్టి చట్టములు వచ్చినవి. గ్రంథాలయ సంఘమునకు దీర్ఘకాలము పెద్దదిక్కుగా నుండిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ఆ 1960లోనే కాలధర్మము నొందిరి. బెజవాడ పటమటలోని సంఘ భవనము నేటికిని సర్వోత్తమ భవనమను పేరనే నిలిచియున్నది. అయ్యంకివారు 1972లో పద్మశ్రీ నంది, 1979లో దివంగతులైరి. చట్టము తెచ్చినది ప్రభుత్వమే. కాని చట్టము నాటికి గ్రంథాలయమును నడుపుట యెఱిగినవారు జిల్లా జిల్లాయందు సిద్ధముగ నుండిరి. అది సభలు చేసిన పని.

నేడు యంత్రములకును, మందులకును, ఎరువులకును, చరవాణికిని, కంప్యూటరునకును వాడుక విధానము చెప్పు వ్రాత తెలుగున ఎంత కావలెనో, ఉన్నది ఎంత యధ్వాన్నమో మందుసీసాతో వచ్చు కాగితమును విప్పినవారందఱికిని తెలిసినదే. హైదరాబాదున కూర్చుండి, పరదేశపు సంస్థలకు ఆంగ్లమున ఇట్టి వ్రాతనే దినమంతయు వ్రాయు తెలుగువారు పెక్కుమంది కలరు. పురుగుమందుల దుకాణమున రైతునకు మోతాదు వివరించువాడు, ఆసుపత్రిలో రోగికి విధానము చెప్పు నర్సు, ఆటో కార్ఖానాలో శిష్యునకు పని నేర్పు మేస్త్రి, వీరందఱును నోటితో ఈ పనినే చేయుచున్నారు. తాము ఒకే వృత్తివారమని వీరెఱుగరు, ఏలయన వీరు ఒకచోట కూడలేదు. తాము చేయునది వ్రాయదగినదని తలపరు, ఏలయన పొరుగూరివాని పద్ధతిని చూడలేదు. వీరికి కావలసినది వేలమందితో, వేదికపై మంత్రులతో జరుగు మహోత్సవము కాదు. రైలును బస్సును అందుకొనదగిన ఒక యూరు, అందఱికిని కుదురు ఒక సెలవుదినము, ఒక గ్రంథాలయపు వసారా, నలుబదిమంది మనుష్యులు.

అట్టి సభను తలపెట్టు చదువరికి నా మనవి యొక్కటే. ఆహ్వానపత్రికలో అధ్యక్షుని పేరు వ్రాయుటకు ముందు, సభ ముగిసిన నెలలోపున అచ్చట తేలిన సంగతులను తెలుగున వ్రాసి అచ్చొత్తించువాని పేరు వ్రాయుడు. ఆ పేరు దొరకనిచో సభ వాయిదా వేసికొనుడు. పందిరి ఖర్చయినను మిగులును.